ఎవరు ఎవరికి సర్దుకున్నారు? : టన్నా ద్వీపపు మిషనరీ కథను మన వైపునుంచి చదవటం

మిషనరీల జీవిత చరిత్రల్ని మన దగ్గర రెండు రకాలుగా చదువుతున్నారు. చర్చి లోపల చదివేవాళ్ళు సాక్ష్యంగా చదువుతారు. బయట చదివేవాళ్ళు కుట్రగా చదువుతారు. లోపలివాళ్ళకి మిషనరీ దైవజనుడు, బయటివాళ్ళకి సామ్రాజ్యవాద ఏజెంటు. ఈ రెండు చదువుల్లోనూ మతం మారిన మనిషి లేడు. ఒకచోట రక్షించబడ్డాడు, ఇంకోచోట మోసపోయాడు. రెండుచోట్లా ఎవరో ఒకరు అతన్ని ఏదో చేశారు. తన బుర్రతో తాను ఆలోచించి ఔననో కాదనో అన్న మనిషిగా మాత్రం అతను కనపడడు. దళిత విమర్శ మొదలవ్వాల్సింది ఇక్కడే.

ఇందుకోసం నేనిక్కడ మన దేశపు పుస్తకాన్ని కాకుండా పసిఫిక్ సముద్రంలోని ఒక దీవి గురించిన పుస్తకాన్ని తీసుకుంటున్నాను. జాన్ జి. పేటన్ ఆత్మకథ. స్కాట్లండ్‌నుంచి న్యూ హెబ్రిడీస్ దీవులకు (ఇవాళ్టి వనువాటు) వెళ్ళిన ప్రెస్బిటేరియన్ మిషనరీ ఆయన. ఆయన తమ్ముడు జేమ్స్ పేటన్ సంపాదకత్వంలో 1889లో మొదటి భాగం, ఆ వెంటనే రెండో భాగం వచ్చాయి. పిల్లల కోసం ఒక కుదింపు కూడా వేశారు. ఎక్కడో దీవి సంగతి మనకెందుకు అనొచ్చు. పేటన్ అనివా దీవిలో కాపురం పెట్టిన సంవత్సరం 1866. జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టిన సంవత్సరం కూడా 1866. అక్కడివాళ్ళ గురించీ మనోళ్ళ గురించీ ఆ కాలపు మిషనరీ రిపోర్టులు వాడిన మాటలు దాదాపు ఒకటే: చీకటి, మురికి, అజ్ఞానం. ఆ మాటలు మోసినవాళ్ళ మనవలం కాబట్టి ఈ పుస్తకాన్ని చదవటానికి మనకు ఎవరికీ లేని ఒక అర్హత ఉంది.

1. సాలెమగ్గం మీదనుంచి వచ్చినవాడు

పేటన్ 1824లో పుట్టాడు. తండ్రి మేజోళ్ళు నేసేవాడు. టార్తర్వాల్డ్ అనే ఊళ్ళో గడ్డి కప్పిన ఇల్లు, పదకొండుమంది పిల్లలు. ఇంట్లో ఒక పక్క మగ్గాలు, మధ్యలో తండ్రి ప్రార్థన చేసుకునే చిన్న గది. పన్నెండేళ్ళు కూడా నిండకముందే పిల్లాడు మగ్గం ఎక్కాడు. పొద్దున ఆరింటినుంచి రాత్రి పదింటిదాకా పని, మధ్యలో తిండికి మాత్రం విరామం. ఆ విరామాల్లోనే చదువుకున్నాడు. తర్వాత గ్లాస్గో మురికివాడల్లో పదేళ్ళు సిటీ మిషన్ పని చేశాడు. 1858లో ఓడెక్కాడు.

ఈ భాగాన్ని తేలిగ్గా దాటెయ్యకూడదు. కలకత్తా వచ్చిన విలియం కేరీ చెప్పులు కుట్టినవాడు. పేటన్ నేతపనివాడు. మన కులాల్లో పుట్టుంటే వీళ్ళని ఏమని పిలిచేవాళ్ళో మనకు తెలుసు. కష్టం చేసే ఇంట్లోంచి వచ్చి, చదువుకోసం నిద్ర మానుకున్న కుర్రాడి కథ మనలో చాలామందికి సొంత కథలాగే ఉంటుంది. ఆ పేజీలు చదువుతుంటే పేటన్ మనవాడే అనిపిస్తాడు.

అనిపించటం వరకే. ఓడ దిగగానే ఆయన మనవాడు కాకుండా పోతాడు. గ్లాస్గోలో ఆయన పేదల మధ్య పేదవాడు. టన్నాలో తెల్లవాడు. దేశంలో కింద ఉన్నవాడు దేశం దాటితే పైవాడైపోవటం సామ్రాజ్యం చేసిన ఏర్పాటు. ఆ ఏర్పాటు గురించి పేటన్ పుస్తకంలో ఒక్క పేజీ లేదు. తన పేదరికాన్ని ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్న మనిషి, అనైట్యుమ్ ద్వీపం మీద, టన్నా మీద మొదటిసారి మనుషుల్ని చూసినప్పుడు రాసుకున్నది మాత్రం వాళ్ళ బట్టల్లేనితనం గురించి, ఒంటికి పూసుకున్న రంగు గురించి, తనకు కలిగిన జాలీ జుగుప్స గురించి. మన వాడల్లోకి మొదటిసారి వచ్చిన దొరలు కూడా ఇలాగే రాశారు. ముందు వాసన గురించి, తర్వాత ఆత్మ గురించి.

2. పల్లపు ఇల్లు

మిషనరీ పుస్తకాల్లో అందరికీ నచ్చే భాగం కొత్తచోట సర్దుకోవటం. ఇల్లెట్లా కట్టుకున్నారు, ఏం తిన్నారు, జ్వరాలకి ఏం చేశారు. 1858 నవంబరులో పేటన్, భార్య మేరీ ఆన్ రాబ్సన్ టన్నాలోని పోర్ట్ రిజల్యూషన్ ఒడ్డున దిగారు. ఆ రేవుకి ఆ పేరు 1774లో కెప్టెన్ కుక్ తన ఓడ పేరుమీద పెట్టింది. టన్నా అనే పేరు కూడా అట్లా వచ్చిందే అంటారు. స్థానికుల మాటలో దానర్థం నేల. 'ఇదేమిటి' అని తెల్లవాడు కిందికి చూపిస్తే 'నేల' అని వాళ్ళు చెప్పారట, అదే దేశం పేరయింది. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు వినే తీరు మొదటి రోజునుంచీ ఇదే.

మిషన్ ఇంటిని తీరానికి దగ్గరగా పల్లంలో కట్టారు. సామాను దించుకోవటానికి వీలు. పగడపు రాయి కాల్చి సున్నం, చెరకాకుతో పైకప్పు. 1859 ఫిబ్రవరిలో మేరీ బిడ్డను కన్నది. మార్చి 3న చలిజ్వరంతో చనిపోయింది. ఇంకొన్నాళ్ళకే పసివాడూ పోయాడు. పేటన్ తన చేతుల్తోనే గొయ్యి తవ్వి ఇంటిపక్కన పాతిపెట్టుకున్నాడు. ఎవరి కథైనా సరే, చదివినవాడికి ఇక్కడ గొంతు పట్టేస్తుంది. పట్టాలి కూడా.

ఆ తర్వాత పేటన్‌కి చలిజ్వరం పద్నాలుగుసార్లు తిరగబెట్టింది. అప్పుడు ఒక ముసలి నాయకుడు వచ్చి చెప్పాడు. ఇంత పల్లంలో టన్నావాళ్ళం ఎవ్వరం పడుకోం, గుట్టమీద గాలి తగిలేచోట పడుకోకపోతే చచ్చిపోతావు అని. పేటన్ విన్నాడు. ఇంటిని గుట్టమీదికి మార్చటం మొదలుపెట్టి మధ్యలోనే మళ్ళీ జ్వరంతో పడిపోయాడు. అనైట్యుమ్‌నుంచి వచ్చిన ఉపదేశి అబ్రహాము, అతని భార్య ఆయన్ని మోసుకొచ్చి, దుంగలు నాటి, ఆకులు కప్పి నీడ చేసి బతికించారు. వాళ్ళు లేకపోతే తాను లేనని పేటనే రాసుకున్నాడు.

ఈ ఘట్టాన్ని పుస్తకం దేవుని కాపుదలగా చెప్తుంది. నేను దీన్ని జ్ఞానం విషయంగా చదువుతున్నాను. ఎక్కడ పడుకుంటే జ్వరం రాదో ఊళ్ళో అందరికీ తెలుసు. మిషన్‌కి తెలీదు. తెలీదన్న సంగతి కూడా తెలీదు. ఎందుకంటే, 'చీకట్లో ఉన్నవాళ్ళ'ని అడిగి తెలుసుకోవాల్సింది ఒకటుంటుందని మిషన్ ఊహించలేదు. మేరీ మరణంలో దోమ పాత్ర ఉంది, పల్లం పాత్ర ఉంది. అడగకపోవటం పాత్ర కూడా ఉంది. ఇది పేటన్‌ని నిందించటానికి అంటున్నది కాదు. ఆయనే అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించాడు. ఒకరి తెలివిని తెలివిగా లెక్కెయ్యని వ్యవస్థ లెక్కెయ్యనివాళ్ళని కూడా చంపుతుందని చెప్పటానికే.

3. పుస్తకంలో పక్కన నిలబడ్డవాళ్ళు

ఈ అబ్రహాము ఎవరు? ఒకప్పుడు నరమాంసం తిన్నవాడని పుస్తకం పరిచయం చేస్తుంది. మనకు తెలిసేది ఇంకా చాలా ఉంది. పొరుగు దీవినుంచి పరాయి భాష మాట్లాడే దీవికి, తన దీవివాళ్ళని శత్రువులుగా చూసే చోటికి, భార్యతో సహా వచ్చాడు. మిషనరీకి జ్వరం వస్తే తగ్గేదాకా చూసుకున్నాడు. తిండి తెచ్చాడు, కాపలా కాశాడు, పారిపొమ్మని పేటన్ చెప్పినా వదిలి పోలేదు. అతని సర్దుబాటు గురించి ఎవరూ పుస్తకం వెయ్యలేదు.

నమూరి అనే ఇంకో ఉపదేశి ఉన్నాడు. ఇతనూ అనైట్యుమ్ వాడే. టన్నా ఊళ్ళో బోధిస్తుంటే ఒక పూజారి రాతి ఆయుధంతో కొట్టాడు. నమూరి గాయాలతో పేటన్ దగ్గరికి వచ్చి, కోలుకుని, వద్దంటున్నా మళ్ళీ అదే ఊరికి వెళ్ళాడు. ప్రార్థన చేస్తుండగా రెండోసారి కొట్టారు. చనిపోయాడు. మిషనరీ చనిపోతే హతసాక్షి. 1839 నవంబరు 20న ఎరొమాంగా దీవిలో చంపబడ్డ జాన్ విలియమ్స్ పేరు మీద ఓడలు కట్టారు, పిల్లలు చందాలు వేశారు. నమూరికి ఒకటిన్నర పేజీ.

అసలు ఈ దీవుల్లో మొదట సువార్త చెప్పింది తెల్లవాళ్ళు కాదు. విలియమ్స్ తన చావుకి ఒకటి రెండు రోజుల ముందు టన్నాలో సమోవా ఉపదేశకుల్ని దించాడు. అనైట్యుమ్‌కీ జాన్ గెడ్డీకంటే ముందే సమోవా ఉపదేశకులు వెళ్ళారు, జబ్బులతో చచ్చారు, మిగిలినవాళ్ళు నిలబడ్డారు. గెడ్డీ జ్ఞాపకార్థం అక్కడ పెట్టిన ఫలకం మాత్రం 1848లో ఆయన దిగినప్పుడు క్రైస్తవులే లేరని, 1872లో వెళ్ళేనాటికి అన్యులే లేరని చెప్తుంది. సమోవావాళ్ళు క్రైస్తవులు కారా? ఫలకం చెక్కినవాడి లెక్కలో వాళ్ళు దేనికిందికీ రాలేదు.

మన చర్చి చరిత్రలు ఇందుకు భిన్నంగా ఉన్నాయా? క్లౌ దొర పేరున సంస్థలు ఉన్నాయి. తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. యోగమార్గాల్లో తిరిగి, గురువుల దగ్గర కూచుని, తన ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ క్రీస్తు దాకా తనే నడిచి వచ్చినవాడు. క్లౌ ఆ ఊరు వెళ్ళేసరికి పేరయ్య చెప్పిన మాట విని జనం అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఒంగోలు ఉద్యమాన్ని పేరయ్య మొదలుపెట్టాడు, క్లౌ వచ్చి కలిశాడు అని రాయాలి. మనం ఇప్పటికీ తిరగేసి రాస్తున్నాం. ఇక పల్లెల్లో తిరిగిన బైబిలు స్త్రీల సంగతి చెప్పనే అక్కర్లేదు. జీతాల పట్టీలో వాళ్ళ లెక్క ఉంటుంది. కథ ఉండదు.

4. తట్టు: మూఢనమ్మకం ఎవరిది?

1860, 61 ప్రాంతంలో టన్నాకి తట్టు వచ్చింది. గంధపు చెక్క వ్యాపారుల ఓడలు జబ్బుపడ్డవాళ్ళని దీవి రేవుల్లో దించాయి. ఇది కావాలనే చేశారని, ఈ జనాన్ని ఊడ్చేస్తే నేల తెల్లవాళ్ళకి మిగులుతుందని కెప్టెన్లే తనతో అన్నారని పేటన్ రాశాడు. తన చుట్టుపక్కల మూడోవంతు జనం పోయారని ఆయన అంచనా. గంధపు వ్యాపారం మీద పరిశోధన చేసిన డొరతీ షైన్‌బర్గ్ లాంటి చరిత్రకారులు వ్యాపారుల మీద మిషనరీలు రాసిందంతా యథాతథంగా నమ్మొద్దని, ద్వీపవాసులు కూడా గట్టిగా బేరమాడి తమకు కావాల్సింది తీసుకున్నారని చూపించారు. కెప్టెన్ల ఉద్దేశం గురించి వాదించుకోవచ్చు. జబ్బు ఓడల్లోంచి దిగిందన్నదాంట్లో వాదన లేదు.

టన్నా జనం ఏమన్నారు? ఈ చావులు మీ ఆరాధనతో వచ్చాయి అన్నారు. పేటన్ దీన్ని మూఢనమ్మకం అంటాడు. ఆయన భాష్యకారులందరూ అంతే. ఒకసారి వాళ్ళవైపునుంచి చూద్దాం. తెల్లవాళ్ళు రాకముందు ఈ జబ్బు లేదు. తెల్లవాళ్ళు వచ్చారు, జబ్బు వచ్చింది. తెల్లవాళ్ళలో గంధపు చెక్క కోసం వచ్చినవాడు వేరు, ఆత్మల కోసం వచ్చినవాడు వేరు అని వాళ్ళకెందుకు అనిపించాలి? ఇద్దరూ ఒకే ఓడల్లో వచ్చారు, ఒకే భాష మాట్లాడారు, ఒకే రేవులో దిగారు. వాళ్ళ తర్కంలో దేవుళ్ళ ప్రస్తావన తీసేస్తే మిగిలేది సరైన నిర్ధారణ. ఎరొమాంగాలో ఇదే తట్టు తర్వాత, 1861 మేలో, గోర్డన్ దంపతుల్ని చంపారు. ఆ హత్యని నేను సమర్థించటం లేదు. దాని వెనక ఎన్ని శవాలున్నాయో చెప్పకుండా దాన్ని 'క్రూరత్వం' అనటాన్ని ఒప్పుకోవటం లేదు.

ఇంకోవైపు కూడా నిజాయితీగా చెప్పాలి. టన్నాలో 'నహక్' అని ఒక క్షుద్రవిద్య నమ్మకం. తిని పారేసిన ఎంగిలి దొరికితే దానితో మనిషిని చంపొచ్చంటారు. పేటన్ అందరి ముందూ పళ్ళు కొరికి, ఆ ఎంగిలిని ముగ్గురు పూజారుల చేతికిచ్చి, చంపండి చూద్దాం అన్నాడు. చావలేదు. బాణామతి పేరున మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్ళున్న తెలంగాణలో కూచుని ఈ ఘట్టాన్ని చిన్నచూపు చూడలేం. భర్త చనిపోతే భార్యని గొంతు పిసికి చంపే ఆచారాన్ని ఈ మిషనరీలు ఎదిరించారు. అదీ చిన్న పని కాదు. స్థానిక సంస్కృతి అనే పేరుతో ఆ స్త్రీల చావుని కప్పిపుచ్చే హక్కు ఏ పరిశోధకుడికీ లేదు.

5. యుద్ధనౌక

1862 ఫిబ్రవరిలో పేటన్ టన్నా వదిలి ప్రాణాలతో బయటపడ్డాడు. ఆస్ట్రేలియా, స్కాట్లండ్ తిరిగి, సండేస్కూలు పిల్లల చిల్లర డబ్బులతో 'డేస్ప్రింగ్' అనే మిషన్ ఓడ కోసం చందాలు పోగుచేశాడు. 1865లో టన్నాకి ఇంకో ఓడ వచ్చింది. హెచ్.ఎం.ఎస్. కురసోవా. బ్రిటిష్ నౌకాదళం వాళ్ళది, కమొడోర్ విలియం వైజ్‌మన్ అధికారి. మిషనరీలు చేసుకున్న ఫిర్యాదులు ఆయన చేతికొచ్చాయి. పోర్ట్ రిజల్యూషన్ ఊళ్ళమీద ఫిరంగులు పేల్చారు. సైనికులు దిగి ఇళ్ళు, పడవలు, తోటలు నాశనం చేశారు. పేటన్ అక్కడే ఉన్నాడు, దుబాసీగా.

పుస్తకంలో ఆయన సంజాయిషీ ఇది: నేను శిక్ష అడగలేదు, మాటలు అనువదించానంతే. ఆస్ట్రేలియా పత్రికలూ, సొంత చర్చిలో కొందరూ ఆనాడే దుమ్మెత్తిపోశారు. గెడ్డీ లాంటి తోటి మిషనరీ కూడా దీన్ని తప్పుపట్టాడు. కాబట్టి 'ఆ కాలం అలాంటిది' అనే సమర్థన చెల్లదు. ఆ కాలంలోనే ఇది తప్పన్నవాళ్ళు ఉన్నారు.

నాకు ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. టన్నా భాషని పేటన్ ఎందుకు నేర్చుకున్నాడు? సువార్త చెప్పటానికి. ఆ భాషతో ఆయన చివరికి చేసిన పని ఫిరంగికి నోరివ్వటం. ఫిరంగి ఏమంటోందో టన్నావాళ్ళకి అర్థమయ్యేలా చెప్పటం. 'అనువదించానంతే' అనే మాట ఎంత అమాయకంగా ఉన్నా, ఎవరి మాటని ఎవరికి మోస్తున్నావన్న ప్రశ్నకి జవాబు చెప్పదు. దళితుల గురించి ఇతర భాషల్లో రాస్తున్న మనలాంటి పరిశోధకులు కూడా ఈ ప్రశ్న ముందు నిలబడాల్సిందే.

ఆ మనిషే క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకి ద్వీపవాసుల్ని తరలించే కూలీల వ్యాపారానికి వ్యతిరేకంగా జీవితాంతం పోరాడాడు. 1863నుంచి 1904 దాకా సుమారు 62 వేలమందిని అలా తీసుకెళ్ళారు. అదే సముద్రంలో, అదే చెరకు కోసం, 1879 - 1916 మధ్య ఫిజీకి 60 వేల పైచిలుకు భారతీయుల్ని ఒప్పందం కూలీలుగా తీసుకెళ్ళారు. 1903నుంచి మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో తెలుగువాళ్ళు, అందులో మన కులాలవాళ్ళు ఉన్నారు. కూలీల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళని ఎదిరించిన పేటనే ఈ దీవుల్ని బ్రిటన్ కలిపేసుకోవాలని కూడా కోరాడు. ఆయనకి ఇందులో వైరుధ్యం కనపడలేదు. చెడ్డ తెల్లవాడినుంచి కాపాడటానికి మంచి తెల్లవాడి రాజ్యం కావాలనుకున్నాడు. ద్వీపవాసులకి వాళ్ళ రాజ్యమే కావాలేమోనన్న ఆలోచన ఆయన పుస్తకంలో లేదు.

6. అనివా: బావి, మాట్లాడే చెక్క

1866లో పేటన్ రెండో భార్య మార్గరెట్ వైట్‌క్రాస్‌తో అనివా అనే చిన్న పగడపు దీవికి వెళ్ళాడు. అక్కడ మంచినీళ్ళు లేవు. వానచుక్క, కొబ్బరినీళ్ళే ఆధారం. పేటన్ బావి తవ్వటం మొదలుపెట్టాడు. భూమిలోంచి వానా అని జనం నవ్వారు. చేపల గాలాలు కూలిగా ఇచ్చి పనికి పిలిచాడు. గోడ కూలితే భయపడి మానేశారు. తనే దిగి తవ్వాడు. ముప్ఫై అడుగులు దాటాక మంచినీళ్ళు పడ్డాయి. నమకేయ్ అనే ముసలి నాయకుడు ఆదివారం లేచి, కనపడని నీళ్ళు నిజమైనప్పుడు కనపడని దేవుడూ నిజమేనన్న అర్థంలో మాట్లాడాడు. జనం బొమ్మలు తెచ్చి పడేశారు.

మిషన్ ప్రపంచమంతా చెప్పుకున్న కథ ఇది. నీళ్ళ విలువ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరబావి దగ్గర దూరంగా కుండ పెట్టుకుని, ఎవరైనా పోస్తారేమోనని నిలబడ్డవాళ్ళ పిల్లలం. అందుకే అనివా బావిలో ఒక సంగతి నాకు వెంటనే కనపడింది. ఆ బావి నీళ్ళు అందరివీ. దానిచుట్టూ ఎవరు తోడొచ్చు, ఎవరు తోడకూడదు అనే గీత లేదు. అనివాలో నీళ్ళు లేకపోవటం ప్రకృతి చేసింది. మన వాడలో నీళ్ళు లేకపోవటం మనుషులు చేసింది. మొదటిదానికి బావి తవ్వితే చాలు. రెండోదానికి చాలదు.

ఇంకో ఘట్టం. పనిలో ఉన్న పేటన్‌కి మేకులు, పనిముట్లు కావాల్సొచ్చి, చెక్కముక్క మీద రాసి నమకేయ్ చేతికిచ్చి భార్య దగ్గరికి పంపాడు. ఆమె చెక్క చూసి కావాల్సినవి ఇచ్చింది. చెక్క మాట్లాడిందని ముసలాయన ఆశ్చర్యపోయాడు. పాఠకులు ఇక్కడ నవ్వుకుంటారు. నాకు నవ్వు రాలేదు. చదువులేని ఇంట్లో కాగితమంటే ఏమిటో ఆ ఇంట్లో పుట్టినవాడికి తెలుస్తుంది. కరణం చేతిలో కాగితం మాట్లాడితే మనోళ్ళ చెక్కలు పోయేవి. షావుకారు కాగితం మాట్లాడితే రెండు తరాల జీతగాళ్ళు పుట్టేవాళ్ళు. రాతకి ఉన్న బలాన్ని ఒక్క చూపులో పట్టుకున్న నమకేయ్ అమాయకుడు కాదు, తెలివైనవాడు. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టించుకుని మరీ ముసలితనంలో చదవటం నేర్చుకున్నాడు. మన రాత్రిబడుల్లో పలక పట్టుకున్న ముసలివాళ్ళు గుర్తొస్తారు.

అనివాని సరిగ్గా చూడాలంటే పేటన్ ఆత్మకథకంటే మార్గరెట్ ఉత్తరాలు మేలు. 1894లో పుస్తకంగా వచ్చాయి. ఆమె దైవసంకల్పం గురించి తక్కువ, పిండి పురుగుపట్టటం గురించి, పిల్లల జ్వరాల గురించి, ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పటం గురించి ఎక్కువ రాసింది. ఆమె తనని చూసి తనే నవ్వుకోగలదు. ఆయన నవ్వడు. ఆమె ఉత్తరాల్లో ద్వీపపు ఆడవాళ్ళకి పేర్లున్నాయి, కోపతాపాలున్నాయి. ఐతే ఆమె కాపురం సాగటానికి వాళ్ళే ఇంటిపని, పిల్లల పని చేశారన్నది కూడా ఆ ఉత్తరాల్లోనే ఉంది. ఆత్మకథ రాసే మగవాడికంటే ఉత్తరం రాసే ఆడది ఎక్కువ చూస్తుంది. ఐనా తన వంటింట్లో ఉన్నామె ఇంటికి వెళ్ళి ఏమనుకుంటుందో ఆమెకీ తెలీదు.

బైబిలు అచ్చు ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. అనైట్యుమ్ జనం ఆరోరూట్ దుంపలు పండించి, పిండిచేసి అమ్మి ఆ డబ్బు కట్టుకున్నారు. అంటే ఆ పుస్తకం వాళ్ళకి ఎవరూ దానమిచ్చింది కాదు, కొనుక్కున్నది. మన తల్లులు రోజూ అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి చర్చికోసం దాచినట్టే. 'విదేశీ డబ్బుతో మతం' అనేవాళ్ళు ఈ పిడికెడు బియ్యాన్ని ఎప్పుడూ లెక్కించరు.

7. టన్నా కాదన్నది, ఒంగోలు ఔనన్నది

ఇక అసలు విషయానికొస్తాను. ఒకే రకం మిషనరీలు, ఒకే బైబిలు, ఒకే కాలం. టన్నా తరిమేసింది. ఒంగోలు ప్రాంతంలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎందుకీ తేడా?

మిషన్ చెప్పే జవాబు, దేవుని సమయం. వ్యతిరేకులు చెప్పే జవాబు, కరువు. నిజమే, 1876 - 78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి పని చూపించాడు. అది దానం కాదు, కూలి. పైగా కరువు ఉన్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. పేరయ్య విశ్వాసం కరువుకి పదేళ్ళ ముందుది.

నా జవాబు ఇది. టన్నా మనిషికి నేల ఉంది. పెండలం, చేమ పండే సొంత తోట ఉంది. అతను ఎవరికీ వెట్టి చెయ్యడు. అతని నాయకుడు అతనిలాంటివాడే. మిషన్ అతన్ని ఉన్నవి వదిలెయ్యమన్నది: నాట్యం, కావా పానీయం, పండగ, పెద్దల మాట. బదులుగా ఇచ్చేది అతనికి అవసరమనిపించలేదు. మాదిగకి నేల లేదు, బావి లేదు, గుడి లేదు, అక్షరం లేదు. అతన్ని మిషన్ వదిలెయ్యమన్నవి: చచ్చిన పశువు మాంసం, ఆదివారం చాకిరీ, జాతరలో డప్పు. అందులో మొదటి రెండూ వదిలెయ్యటమంటే కుల చాకిరీకి ఎదురుతిరగటమే. అందుకే ఊరి పెద్దలు బావులు మూశారు, పనులు ఆపారు, కేసులు పెట్టారు. మాదిగలు వస్తే మా పిల్లలు రారని పై కులాలవాళ్ళు ఒంగోలు బడి మాన్పించినప్పుడు క్లౌ దంపతులు మాదిగల పక్కన నిలబడ్డారు. సమానుల సమాజంలోకి పైవాడిగా దిగిన మిషనరీ, అసమాన సమాజంలోకి వచ్చేసరికి కిందివాడికి ఒక దారి అయ్యాడు. మిషనరీ మారలేదు. నేల మారింది.

కాబట్టి టన్నా 'కాదు' అనటం ఎంత తెలివైన నిర్ణయమో, ఒంగోలు 'ఔను' అనటం అంత తెలివైన నిర్ణయం. రెంటినీ కలిపి చూడనివాళ్ళే ఒకదాన్ని మూర్ఖత్వమనీ ఇంకోదాన్ని ప్రలోభమనీ అంటారు.

డప్పు సంగతి వేరు. దాన్ని వదిలెయ్యటంలో మనం పోగొట్టుకున్నది ఉంది. వెట్టి డప్పునీ మన డప్పునీ మిషన్ విడదీసి చూడలేదు. తర్వాత తరాలు ఆ డప్పుని ఉద్యమంలోకి తిరిగి తెచ్చుకోవాల్సొచ్చింది. టన్నావాళ్ళు కూడా అదే చేశారు. పేటన్ కొడుకు ఫ్రాంక్ 1896లో టన్నాలోని లెనకెల్ వెళ్ళి అక్కడ చర్చిని నిలబెట్టాడు. తర్వాత మిషన్ పెద్దలు నాట్యాన్నీ కావానీ నిషేధించారు. 1941లో జాన్ ఫ్రమ్ ఉద్యమం లేచినప్పుడు ప్రెస్బిటేరియన్ గుళ్ళు దాదాపు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. జనం నాట్యభూమికి తిరిగి వెళ్ళారు. ఔనన్నవాళ్ళు మళ్ళీ కాదనగలరు. మరోవైపు, 1980 జులై 30న వనువాటు స్వతంత్రమైనప్పుడు మొదటి ప్రధాని వాల్టర్ లిని ఆంగ్లికన్ పాదిరీ. మిషన్ బడిలో చదివినవాళ్ళే వలసరాజ్యాన్ని సాగనంపారు. పేటన్ ఊహించని పంట ఇది.

2009లో ఎరొమాంగాలో విలియమ్స్‌ని చంపినవాళ్ళ వంశస్థులూ, విలియమ్స్ వంశస్థులూ కలిసి రాజీ చేసుకున్నారు. మంచిదే. కానీ 1865 ఫిరంగుల గురించి, ఓడల్లో దిగిన తట్టు గురించి ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

8. మన పని

ఈ దేశంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళితుడికి మతం గీత గీసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ గీత చెరిపారు. దళిత క్రైస్తవుడికి చెరపలేదు. దాని వెనకున్న నమ్మకం ఏమిటంటే, క్రైస్తవుడైన మాల మాదిగ తనవాడు కాడు, మిషనరీ తయారుచేసిన వస్తువు. మనం మిషనరీల్ని పొగిడే పుస్తకాలే చదువుతూ పోతే ఆ నమ్మకానికి మనమే సాక్ష్యం పలికినట్టు. మిషనరీల్ని తిట్టే పుస్తకాలే చదివినా అంతే.

చెయ్యాల్సిన పని ఒకటుంది. చర్చి రిజిస్టర్లు చెదలు పట్టిపోకముందే చూడాలి. ఉపదేశుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు, బావులు మూసినప్పుడు నిలబడ్డవాళ్ళ పేర్లు ఊరూరా రాసుకోవాలి. ముసలివాళ్ళని అడగాలి. బాప్తిస్మం తీసుకున్న రోజు ఏం వదిలేశారు, ఏం తెచ్చుకున్నారు, దేనికి బాధపడ్డారు అని. ఔనన్నవాళ్ళనే కాదు, అదే వాడలో కాదన్నవాళ్ళనీ అడగాలి.

అబ్రహాము రాసిన పుస్తకం మనకి లేదు. పేరయ్య రాసిన పుస్తకమూ లేదు. పేరయ్య కథని క్లౌ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ 1899లో మాదిగల మీద వేసిన పుస్తకంలోంచి ఏరుకోవాల్సొస్తోంది. అబ్రహాము కథని పేటన్ వాక్యాల సందుల్లోంచి ఏరుకోవాల్సొస్తోంది. ఇంకో తరం పోతే మన ఊళ్ళ ఉపదేశుల కథలకి ఆ సందులు కూడా మిగలవు.